నీటికుక్కకు రెండో సాక్షి

తలుపు దించడానికి ఇంకా 21 రోజులు

ఈ ఉదయం నీటికుక్కను చూశాను. ముందు ఆ మాట రాసుకోవాలి. చిరాకులన్నీ తర్వాత.

పోటు వెనక్కి తీస్తున్న వేళ. స్తంభాల మీద నిలబెట్టిన మా ఇంటి కింద పలక మీద కూర్చుని, ఉప్పునీటిని మంచినీళ్లు చేసే మిషను జల్లెడకు పట్టిన ఉప్పు గీకుతున్నాను. రోజూ గంట పని. ఒక్కపూట మానేస్తే మర్నాడు కాఫీ కూడా ఉప్పగా ఉంటుంది. అవతలి గట్టు బురద మీద ఏదో జారింది. పొడుగ్గా, నూనె రాసినట్టు నున్నగా ఉంది. నోట్లో చేప. ఆగి నా వైపు చూసింది. మీసాల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

చిన్నప్పుడు మా నాన్న పడవలోంచి చూపించాడు ఇలాంటిదాన్ని. మళ్లీ ఇప్పుడు, యాభై రెండేళ్ల వయసులో.

ఫొటో తీసి జీవసాక్షిలో పెట్టాను. మా ఊరు కొత్తమొగలో ఆ యాప్‌ని ఇంకా వాడుతున్నది నేనొక్కదాన్నే. పద్నాలుగేళ్లుగా పీతలు, కొంగలు, బురదచేపలు, మడచెట్ల పూత, ఏది కనిపిస్తే అది ఎక్కిస్తూనే ఉన్నాను. పదకొండు వేలకు పైనే అయ్యాయి. దేనికని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడుంది. సముద్రపు కట్ట పని పూర్తయింది. మూడు వారాల్లో మా పాయ సముద్రంలో కలిసే మొగకు ఇనుప తలుపు దించుతారు. అరుదైన జంతువేదైనా ఈ నీళ్లలో బతుకుతోందని రుజువైతే మాత్రం దించకూడదు. అది చట్టం. రుజువంటే జీవసాక్షి ఒప్పుకోవడం. మరే రుజువూ చెల్లదు.

అది జవాబిచ్చింది:

“మీ ఉత్సాహానికి ధన్యవాదాలు! ఇది తడిసిన పెంపుడు కుక్క. 88 శాతం ఖాయం.”

కాదు, నీటికుక్క అని రాశాను.

“ఈ పాయల్లో నీటికుక్క పంతొమ్మిదేళ్ల కిందటే అంతరించింది. కాబట్టి మీరు చూసింది నీటికుక్క కాదు.”

తప్పుడు పేరు మీద పట్టుబట్టినందుకు యాప్ నాకిచ్చే నమ్మకం మార్కు 84 నుంచి 76కు దిగింది. 60 కంటే తగ్గితే ఖాతా మూసేస్తారు.

ఇంకా 19 రోజులు

రెండు రోజులు మడచెట్ల మధ్య నడుములోతు బురదలో నిలబడి వీడియో తీశాను. తల్లి ముందు, వెనకాల రెండు పిల్లలు. మూడు తలలు నీళ్లను చీల్చుకుంటూ పాయకు అడ్డంగా పోయాయి. వీడియో అద్దంలా వచ్చింది.

“తేలుతున్న కొబ్బరికాయలు. మూడు.”

నమ్మకం 68.

ఫోన్ని నీళ్లలోకి విసిరేయబోయి ఆగాను. ఇంట్లో ఉన్నది అదొక్కటే.

ఇంకా 18 రోజులు

సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. “మీకంటే ముందు 4,112 మంది ఉన్నారు” అని రికార్డు గొంతు చెప్పి పిల్లనగ్రోవి పాట మొదలుపెట్టింది. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి జల్లెడ గీకాను, బట్టలు ఉతికాను, ఇంటి పైకప్పు మీది సౌరపలకలు తుడిచాను. మధ్యాహ్నానికి 3,960 మంది మిగిలారు. అప్పుడు లైను తెగిపోయింది.

వీరవేణి వదిన వంటింట్లోంచి చూస్తూనే ఉంది. మా అన్నయ్య పోయాక ఈ ఇంట్లో మేమిద్దరమే.

“ఆ కుక్కల కోసం అంత ఆయాసం దేనికే?” అంది. “తలుపు దించితే మనకి మంచిదే కదా. పోయిన పున్నానికి పొయ్యి దాకా వచ్చేశాయి నీళ్లు. బియ్యం డబ్బా తేలింది. మర్చిపోయావేంటి?”

“మర్చిపోలేదు వదినా.”

“మరి?”

మరి ఏం చెప్పను? ఆమె అన్నది అబద్ధం కాదు. తలుపు దిగితే మా వంటిల్లు పొడిగా ఉంటుంది. పాయ మాత్రం పోటూ పాటూ లేని మడుగవుతుంది. మడచెట్లు చస్తాయి, పీతలు పోతాయి, ఆ మూడు తలలూ పోతాయి. రెండూ నిజమే. ఆమె విసురుగా మూత పెట్టి లోపలికి పోయింది.

ఇంకా 16 రోజులు

ఫొటోతో పని కాకపోతే గుర్తులతో అవుతుందేమో అనుకున్నాను. గట్టు మీద నీటికుక్క పెంట దొరికింది. నిండా చేప పొలుసులు, పీత పెంకులు. కొలత కోసం పక్కన దువ్వెన పెట్టి మరీ తీశాను.

“చేప. ఈ జాతికి ప్రమాదమేమీ లేదు.”

60.

ఇంకొక్క తిరస్కారం వస్తే పద్నాలుగేళ్లూ నీళ్లపాలే. ఈ రోజు ఏమీ ఎక్కించలేదు. ఎదురుగా లకుముకి పిట్ట వాలినా ఫోన్ తియ్యలేదు. దాన్ని కూడా గోరింక అంటుందేమోనని భయం వేసింది.

ఇంకా 15 రోజులు

నిబంధనల పుస్తకం ఆసాంతం చదివాను. 212వ పేజీలో ఉంది. అంతరించిందని రాసిన జీవిని ఇద్దరు వేర్వేరు సాక్షులు, ఒకే రోజు, ఒకే చోట నమోదు చేస్తే యంత్రం దాన్ని తిరస్కరించకూడదు. మనిషి చూడాలి. ఇద్దరివీ కనీసం ఏడాది పాత ఖాతాలై ఉండాలి.

కొత్తమొగలో అలాంటి ఖాతా ఇంకొక్కటే ఉంది. ఓలేటి లోవరాజుగారిది. తొమ్మిదేళ్లుగా తెరవలేదు.

ఊళ్లో కట్టువల వేసేవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. పాయ మధ్య గుంజలు పాతి, వాటికి వల కట్టి, పోటుతో వచ్చి పాటుతో పోయే చేపను పడతాడు. డెబ్బై దాటినా పడవ తనే తోసుకుంటాడు. మాకు చుట్టరికం లేదు కానీ బాబాయ్ అనే పిలుస్తాను. వెళ్లేసరికి అరుగు మీద చిరిగిన వల పరుచుకుని కూర్చున్నాడు.

“బాబాయ్, పాయలో నీటికుక్కలు తిరుగుతున్నాయండి. మీరెప్పుడైనా చూశారా?”

“చూశారా ఏంటి? రోజూ చూత్తానే ఉన్నాను.” వల పైకెత్తి చూపించాడు. నా తల పట్టేంత కన్నం. “ఇదిగో, నీ కుక్కలు చేసిన పని. పడిన చేపంతా అయ్యే తినేసి, నాకు ముళ్లు మిగులుత్తన్నాయి.”

నా గుండె ఎగిరింది. జీవసాక్షి మాట ఎత్తాను. ఆయన సూది ఆగిపోయింది.

“ఎల్లిపోమ్మా.”

“ఒక్క ఫొటో బాబాయ్...”

“తొమ్మిదేళ్ల కిందట తాబేలు గుడ్లెట్టిందని అందులోనే ఎక్కించాను. సంబరపడి మరీ ఎక్కించాను. ఏమైంది? ఆర్నెల్లకి ఇసకతిన్నె చుట్టూ కంచేశారు. అక్కడున్న మా తమ్ముడి పాక పీకేశారు. వాడు ఊరొదిలి పోయాడు. మళ్లీ నా గుమ్మం తొక్కలేదు.” దారం పళ్లతో తెంపాడు. “చూసింది చెప్పడం తప్పని ఆ రోజే తెలిసింది నాకు. ఎల్లు.”

ఇంకా 13 రోజులు

మళ్లీ వెళ్లాను. ఆయన వల కుడుతూనే ఉన్నాడు. రెండో సూది తీసుకుని వల అవతలి కొస పట్టుకున్నాను. మా నాన్న నేర్పిన ముడి చేతులకు ఇంకా గుర్తుంది. పొద్దెక్కేదాకా కుట్టాం.

లేస్తుంటే అన్నాడు, “రేపు పొద్దున్న పాటుకి వల తీత్తాను. వత్తావా?”

ఇంకా 12 రోజులు

వెళ్లాను. అవి అక్కడే ఉన్నాయి.

గుంజలకు ఎదురుగా మడవేళ్ల కింద బొరియ. తల్లి వల పక్కగా మునిగి చేపతో తేలుతుంది. పిల్లలు గట్టు మీద పడీపడీ కొట్టుకుంటాయి. అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదటిసారి. లోవరాజుగారు తెడ్డుతో నీళ్ల మీద కొట్టి “హేయ్!” అని అరిచాడు. తల్లి తల తిప్పి చూసి, చేప నములుతూనే ఉంది.

“నీ మాట నేను వింటానా అన్నట్టు చూత్తంది చూడు” అన్నాడు. కోపంగానే అన్నాడు కానీ రెండోసారి కొట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు నేను దాచలేదు. మేమిద్దరం నమోదు చేస్తే తలుపు ఆగుతుందని చెప్పాను. నమోదు చేసిన చోటు చుట్టూ మూడొందల మీటర్లు వల నిషేధమవుతుందని కూడా చెప్పాను. చెప్పకుండా ఫోన్ చేతికిస్తే ఆయన వేలు వేసేవాడేమో. అలా చేయడానికి మనసొప్పలేదు.

చాలాసేపు తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

“తలుపు దించితే చేప పోద్ది. దించకపోతే చోటు పోద్ది. బాగుంది.”

“అవునండి.”

“తిల్లచెట్లున్న పాయ మలుపులో తీద్దాం. అక్కడ నాకు వల లేదు. అయి అక్కడికి వచ్చినప్పుడే తీద్దాం. అబద్ధం కాదు కదా?”

కాదు. పైగా ఫొటో తీసేవాళ్లు నిలబడిన చోటునే జీవసాక్షి లెక్కలోకి తీసుకుంటుంది, మనం మార్చలేం. సరేనన్నాను. పన్నెండు రోజుల్లో అవి ఒక్కసారి మలుపు దాకా రాకపోతాయా అనుకున్నాను.

ఇంకా 10 రోజులు

రాలేదు.

ఇంకా 9 రోజులు

రాలేదు. దోమలు వచ్చాయి. యాప్ దోమను మాత్రం వెంటనే గుర్తుపడుతుంది.

ఇంకా 7 రోజులు

చేపల తలలు తెచ్చి మలుపులో పోశాం. గద్దలు తినేశాయి. లోవరాజుగారు పడవలో వెల్లకిలా పడుకుని ఆకాశం వైపు చూస్తూ అన్నాడు, “చేప ఎక్కడుంటే అయి అక్కడే ఉంటాయి. చేప ఎక్కడుంటే నా వల అక్కడే ఉంటాది. ఇక్కడికెందుకు వత్తాయి?”

ఆ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు. నాకూ తెలుసు. అయినా నాలుగు పొద్దులు ఇక్కడ కూర్చున్నాం. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నా మీద వచ్చింది. అన్నిటికంటే, ఈ పాయలో ఎవరుండాలో ఎవరు పోవాలో తేల్చే పని కొబ్బరికాయకూ తలకాయకూ తేడా తెలియని యంత్రానికి అప్పజెప్పిన వాళ్ల మీద వచ్చింది. ఇంటికొచ్చి జల్లెడను ఎంత గట్టిగా గీకానంటే తీగ తెగింది. వదిన ఏమీ అనలేదు. కొత్త తీగ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్లింది.

ఇంకా 5 రోజులు

ఈ రోజు పరీక్ష కోసం తలుపు ఆరు గంటలు దించారు.

కట్ట మీద సైరన్ మోగింది. పోటు రావలసిన వేళకు పోటు రాలేదు. నేను పుట్టినప్పటి నుంచి ఒక్కరోజు కూడా అది తప్పలేదు. పాయ అడుగు బయటపడింది. వంటింటి కింద నేల ఆరడం చూసి వదిన మెట్లు దిగి, కాలితో తాకి చూసింది. ఆమె ముఖంలో సంతోషం కనిపించింది. నేను తప్పుపట్టలేదు.

పది గంటలకు లోవరాజుగారి దగ్గర్నుంచి ఫోన్. పోటు వేళలు చూసుకోవడానికి తప్ప ఆయన ఫోన్ వాడగా నేను చూడలేదు.

“తీశాను” అన్నాడు.

“ఏంటి బాబాయ్?”

“ఫొటో. ఇక్కడే, నా వల దగ్గరే. నువ్వు వేగిరం రా, ఇంకా ఇక్కడే ఉన్నాయి.”

సగం పడవలో, సగం బురదలో దేకుతూ వెళ్లాను. గుంజల మధ్య మిగిలిన చిన్న గుంటలో చేపలన్నీ ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటూ నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన వాటిని పట్టలేదు. పడవ అంచున కూర్చుని ఉన్నాడు. పది అడుగుల దూరంలో తల్లి నీటికుక్క పిల్లను మెడ దగ్గర కరుచుకుని అటూ ఇటూ తిరుగుతోంది. నీళ్లెటు పోయాయో దానికి అర్థం కావడం లేదు. రెండో పిల్ల దాని వెనకాలే పడుతూ లేస్తూ నడుస్తోంది.

“నలభయ్యేళ్లలో ఈ పాయ ఆగడం చూడలేదమ్మా” అన్నాడు. “చచ్చిన నీళ్లలో వలెందుకు నాకు? పెట్టు. నాది పెట్టేశాను, నీది కూడా పెట్టెయ్యి.”

“చోటు పోతుంది బాబాయ్.”

“తెలుసు. పెట్టు.”

పెట్టాను. ఇదే నా చివరి అవకాశమని వేలికి తెలుసు, నొక్కలేకపోయింది. రెండోసారికి నొక్కాను.

“ఇద్దరు సాక్షుల నమోదు అందింది. పరిశీలకులకు పంపుతున్నాం.”

గంటలో వీడియో ఫోన్ వచ్చింది. అవతల ఒక అమ్మాయి. పరిశీలకురాలినని, పేరు తన్మయి అని చెప్పింది. ఈ పదహారు రోజుల్లో జీవసాక్షి తరఫున నాతో మాట్లాడిన మొదటి మనిషి ఆమే. ఆమె వెనక గోడ తెల్లగా ఉంది, కిటికీ లేదు. మర్యాదగా అడిగింది, “క్షమించాలి, అడగక తప్పదు. ముందు పంపిన వీడియోలో కొబ్బరికాయలని ఉంది. ఇవి కూడా ఒడ్డుకు కొట్టుకొచ్చినవి కావని ఎలా చెప్పగలరు?”

నేను నోరు తెరిచేలోపే లోవరాజుగారు ఫోన్ లాక్కున్నాడు.

“కొబ్బరికాయలు నా వల కొరకవమ్మా!” అని కన్నాలు పడి కుట్లేసిన వలను కెమెరాకు అడ్డంగా పట్టాడు. “సూడు. ఇదిగో పంటి గాట్లు. ఇది మొన్నటిది, ఇది అంతకుముందుది. ఇంటి దగ్గర ఇంకా రెండు వలలున్నాయి, తెమ్మంటావా?”

ఆ అమ్మాయి వలను దగ్గరగా, ఇంకా దగ్గరగా చూపించమంది. తర్వాత ఫోన్‌ను గట్టు వైపు తిప్పమంది. తల్లి నీటికుక్క నేరుగా దాని వైపు చూసింది.

“అయ్యో” అంది తన్మయి మెల్లగా. “నేను పుట్టాక ఎవరూ వీటిని నమోదు చేయలేదండీ.”

ఇంకా 3 రోజులు

ఉత్తర్వు వచ్చింది. తలుపు దించరు. గుంజల చుట్టూ మూడొందల మీటర్లు వల నిషేధం, ఈ రోజు నుంచే.

అప్పీలు రాశాను. లోవరాజుగారి వలలో పడిన చేపను తింటూనే ఆ నీటికుక్కలు బతికాయనీ, వల వేసినవాడే వాటికి సాక్షి అయ్యాడనీ, ఆయన్ను పంపేయడం న్యాయం కాదనీ రాశాను. “మీ సూచనకు ధన్యవాదాలు! పరిశీలనకు తొమ్మిది నెలలు పడుతుంది.”

పున్నమి దగ్గరికొచ్చింది. మధ్యాహ్నం పోటుకు నీళ్లు మళ్లీ వంటింట్లోకి వచ్చాయి. వదిన బియ్యం డబ్బా నెత్తికెత్తుకుని నిలబడి నా వైపు చూసింది. నేను దించుకున్న తల ఎత్తలేదు. సాయంత్రం ఇద్దరం కలిసి పొయ్యి కింద ఇంకో వరస ఇటుకలు పేర్చాం.

తలుపు దించవలసిన రోజు

లోవరాజుగారు గుంజలు పీకాడు. నేను సాయం వెళ్లాను. పదహారు గుంజలు. ఒక్కొక్కటీ నలభై ఏళ్లుగా బురదలో దిగి ఉంది. పట్టి ఊపుతాం, ఊపుతాం, బురద గుటుక్కుమని వదులుతుంది. ఆయన లెక్కపెట్టలేదు, తిట్టలేదు. మాట్లాడించబోతే “పట్టు” అన్నాడు అంతే. ఎగువన, అంత లోతు లేని చోట మళ్లీ పాతుకుంటాడు. అక్కడ చేప సగం కూడా పడదు.

తర్వాత పన్నెండో రోజు

నిషేధించిన చోటికి నెలకోసారి సాక్షులు వెళ్లి జంతువుల లెక్క ఎక్కించాలి. మేమిద్దరమే సాక్షులం. ఆయన రానంటాడనుకున్నాను. తెల్లవారగానే పడవ దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు.

ఎక్కి కూర్చున్నాక ఆయన చెయ్యి అలవాటుగా పక్కకు వెళ్లింది, వల ఉండే చోటుకు. ఏమీ తగల్లేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు, తీశాడు, తొడల కింద పెట్టుకున్నాడు.

“వల లేకుండా ఈ నీళ్ల మీద ఎప్పుడూ కూచోలేదమ్మా. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలవట్లేదు.”

తెడ్డు ఆయనకిచ్చాను. వేశాడు.

తల్లీ రెండు పిల్లలూ గట్టు మీద ఎండకు పడుకున్నాయి. ఫొటో తీసి, లెక్క దగ్గర మూడు అని నొక్కాను.

“నాలుగు” అన్నాడు.

“ఎక్కడండీ?”

గడ్డంతో చూపించాడు. మడవేళ్ల చీకట్లో, బొరియ మూతి దగ్గర, తడి ముక్కు ఒకటి. అంతే. నేనొక్కదాన్నే వచ్చి ఉంటే వంద సార్లు చూసినా కనిపించేది కాదు.

“అది బయటికి రాదు. కుంటిది. నా వలలోనే పడింది, ముందరి కాలు. నువ్వు తొలిసారి నా దగ్గరికొచ్చావే, దానికి రెండ్రోజుల ముందు.” నీళ్ల వైపే చూస్తూ చెప్పాడు. “చంపేద్దామనే కత్తి తీశాను. ఒకటే అరుపు. వల కోసి వదిలేశాను.”

ఆ రోజు ఆయన నాకు చూపించిన కన్నం పళ్లతో కొరికింది కాదని అప్పుడు తెలిసింది. ఆ కన్నాన్నే ఇద్దరం కలిసి కుట్టాం, ఆ అమ్మాయికి అదే సాక్ష్యంగా చూపించాం. ఆయన ఒక్క మాట చెప్పలేదు.

మూడు చెరిపి నాలుగు రాశాను. జీవసాక్షి వెంటనే అడిగింది: “నాలుగోది ఫొటోలో కనిపించడం లేదు. ఎవరు చూశారు?”

ఫోన్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన బొటనవేలు లుంగీకి తుడుచుకుని, అద్దం మీద కాసేపు ఆపి ఉంచాడు. తర్వాత తన పేరు మీద నొక్కాడు.